విసుగక విత్తుడి
(ధ్యానభాగము: గలతీ 6:9)



అమెరికను బాప్తిస్టు మిషనరీ శామ్యూల్ డే దొరగారు 1840లో నెల్లూరు చేరిరి. ఏండ్లు గడచినను ఫలము కొంచెమే. ఈ మిషనును మూసివేయుదమా యని 1853లో స్వదేశపు పెద్దలు తర్కించిరి, మూయలేదు. 1854 జనవరి 1న జూయెట్ దొరగారు, కొద్దిమంది విశ్వాసులతో ఒంగోలు కొండమీద ప్రార్థించిరి. 1862లో మరల మూయుదమనగా, ఒంటరిగానైనను తిరిగి వెళ్లెదనని ఆయన పలికిరి. తరువాత 1878 జూలై 3న, క్లౌ దొరగారి కాలములో, గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

డే దొరగారు ఆ దినమును చూడలేదు; 1871లోనే ప్రభువునందు నిద్రించిరి. ఆయన విత్తినది వ్యర్థమాయెనా?

ఇద్దరు పిల్లలే వచ్చు ఆదివారపు బడి ఉపాధ్యాయుడా, తలుపు మూయకుము. విత్తుట మనది, కోతకాలము ప్రభువుది.

ఆలోచించుడి: విసుగుచేత మన సంఘము విడిచిన సేవ యేది? ఈ వారమే దానిని తిరిగి చేపట్టుదము.