కొలెస్ట్రాల్, డిమెన్షియా: ఏ వయసులో కొలిచారు?

కొలెస్ట్రాల్ అనగానే మనకి గుర్తొచ్చేది గుండె. కానీ 2024లో లాన్సెట్ కమిషన్ డిమెన్షియా మీద ఇచ్చిన రిపోర్టుతో ఈ పేరు మెదడు లిస్టులోకి కూడా ఎక్కింది. డిమెన్షియా ముప్పుని పెంచే వాటిలో మనం మార్చగలిగినవి 14 ఉన్నాయట. వాటన్నిటినీ సరిచేయగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం కేసుల్ని ఆపడమో, వాయిదా వేయడమో కుదరొచ్చని ఆ రిపోర్టు అంచనా. ఆ ఏడాది కొత్తగా చేర్చిన రెండింట్లో ఒకటి నడివయసులో ఎక్కువగా ఉండే ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్. రెండోది వైద్యం చేయించుకోని చూపు లోపం.

ముందు డిమెన్షియా అంటే ఏంటో చూద్దాం. తాళాలు ఎక్కడ పెట్టామో అప్పుడప్పుడు మర్చిపోవడం డిమెన్షియా కాదు. జ్ఞాపకం, ఆలోచన, మాట, సొంత పనులు చేసుకునే శక్తి క్రమంగా తగ్గిపోవడం. దీనికి ఎక్కువగా కనిపించే కారణం అల్జీమర్స్. మెదడులోని రక్తనాళాలు దెబ్బతినడం ఇంకో ముఖ్యమైన కారణం. మన దేశంలో 60 దాటినవాళ్లలో సుమారు 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి ఇది ఉందని అంచనా. "పెద్దవయసు, చాదస్తం" అని ఇళ్లలో కొట్టిపారేసే వాటిలో కొన్ని ఇవే కావచ్చు.

నేను చదివేది కంప్యూటర్ సైన్స్, వైద్యం కాదు. నన్ను ఈ టాపిక్‌లోకి లాగింది ఇందులోని డేటా. ఎందుకంటే రెండు పెద్ద పరిశోధనలు పక్కపక్కన పెడితే ఒకదానికొకటి వ్యతిరేకంగా కనిపిస్తాయి.

మొదటిది ఫిన్లాండ్‌లోది. 1972 నుంచి 1987 మధ్య జరిగిన ఆరోగ్య సర్వేల్లో పాల్గొన్నవాళ్లలో 1,449 మందిని 1998లో మళ్లీ పరీక్షించారు. మధ్యలో సగటున 21 ఏళ్లు గడిచాయి. నడివయసులో మొత్తం కొలెస్ట్రాల్ లీటరుకి 6.5 మిల్లీమోల్స్, అంటే మన రిపోర్టుల లెక్కలో సుమారు 250 దాటినవాళ్లకి, ముసలితనంలో అల్జీమర్స్ వచ్చే అవకాశం దాదాపు రెండింతలు కనిపించింది. బీపీ కూడా ఎక్కువగా ఉన్నవాళ్లలో అది ఇంకా పెరిగింది.

రెండోది హవాయిలో, అక్కడి జపనీస్ అమెరికన్ మగవాళ్ల మీద జరిగింది. వీళ్ల కొలెస్ట్రాల్‌ని 26 ఏళ్ల పాటు విడతలవారీగా కొలుస్తూ వచ్చారు. తర్వాత డిమెన్షియా వచ్చినవాళ్లలో కొలెస్ట్రాల్ పెరగలేదు, మిగతావాళ్లకన్నా ఎక్కువగా పడిపోయింది! ఆ తగ్గుదల జబ్బు బయటపడడానికి కనీసం 15 ఏళ్ల ముందే మొదలైంది.

మరి ఏది నిజం? రెండూ నిజమే. తేడా అంతా కొలిచిన వయసులో ఉంది. డిమెన్షియా ఒక్కరోజులో వచ్చేది కాదు. లక్షణాలు బయటపడడానికి చాలా ఏళ్ల ముందే మెదడులో మార్పులు మొదలవుతాయి. ఆ కాలంలో చాలామందికి బరువు తగ్గుతుంది, తిండి తగ్గుతుంది. దాంతోపాటు కొలెస్ట్రాల్ కూడా తగ్గొచ్చు. అంటే 80 ఏళ్ల మనిషి రిపోర్టులో తక్కువ నంబర్ కనిపిస్తే, అది జబ్బుకి కారణం కాకుండా జబ్బు ఫలితం కూడా కావచ్చు. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా, ఇక్కడ ఏది నిప్పో ఏది పొగో ముందు తేల్చుకోవాలి. ఒక టేబుల్‌లో కొలెస్ట్రాల్, డిమెన్షియా అని రెండే కాలమ్‌లు పెట్టి, కొలిచిన వయసు అనే మూడో కాలమ్ తీసేస్తే ఎంత మంచి మోడల్ అయినా తప్పు జవాబే ఇస్తుంది.

ఇంకో విషయం. మెదడు మన బరువులో 2 శాతమే, కానీ ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో దాదాపు ఐదో వంతు అక్కడే ఉంటుంది. నరాల పోగుల చుట్టూ ఉండే మైలిన్ అనే తొడుగుకి అది కావాలి. అయితే రక్తంలోని కొలెస్ట్రాల్ మెదడులోకి దాదాపుగా వెళ్లలేదు. రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న అడ్డుగోడ దాన్ని ఆపేస్తుంది. మెదడు తనకి కావల్సింది తానే తయారుచేసుకుంటుంది. కాబట్టి మనం తిన్న కొవ్వు నేరుగా మెదడులో పేరుకుంటుందనే మాట తప్పు.

మరి సంబంధం ఎక్కడ? ఒక దారి రక్తనాళాలు. ఎల్‌డీఎల్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నాళాల గోడల్లో కొవ్వు పేరుకుంటుంది, మెదడుకి వెళ్లే రక్తం తగ్గుతుంది, స్ట్రోక్‌లు రావచ్చు. ఇంకో దారి జన్యువుది. అపోఇ అనే ప్రొటీన్ రక్తంలోనూ మెదడులోనూ కొవ్వుని మోసుకెళ్తుంది. దాని జన్యువులో నాలుగో రకం ఉన్నవాళ్లకి అల్జీమర్స్ ముప్పు ఎక్కువని 1993లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు చూపించారు. ఎల్‌డీఎల్ కూడా వీళ్లలో కాస్త ఎక్కువే ఉంటుంది. అయినా ఈ రకం ఉన్న ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు.

అయితే స్టాటిన్ మాత్రలు వేసుకుంటే డిమెన్షియా రాదా? అంత తేలిక కాదు. 70 నుంచి 82 ఏళ్ల వాళ్లు 5,804 మందితో జరిగిన ప్రాస్పర్ ట్రయల్ ఫలితాలు 2002లో వచ్చాయి. గుండె విషయంలో మాత్ర మేలు చేసింది. జ్ఞాపకశక్తి విషయంలో మాత్రం, సుమారు మూడేళ్లు గమనించినా, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకీ వీళ్లకీ తేడా లేదు. ఏళ్ల తరబడి లోలోపల నడిచే జబ్బుకి మూడేళ్ల పరీక్ష చిన్నదే. కానీ "ముందే మొదలుపెడితే తప్పకుండా పనిచేస్తుంది" అనడానికి కూడా ఇది రుజువు కాదు.

లాన్సెట్ రిపోర్టు ఎల్‌డీఎల్‌కి ఇచ్చిన వాటా 7 శాతం. దీన్ని జాగ్రత్తగా చదవాలి. ఎల్‌డీఎల్ ఎక్కువున్న మనిషికి జబ్బు వచ్చే అవకాశం 7 శాతం అని కాదు. నడివయసులో ఎక్కువ ఎల్‌డీఎల్ అన్నదే లేకపోతే మొత్తం కేసుల్లో 100కి సుమారు 7 తగ్గొచ్చని అంచనా. ఒక్క మనిషి విషయంలో ఇది చిన్న మాటే, కోట్ల మంది విషయంలో పెద్ద మాట.

ఇదంతా 19 ఏళ్ల మనకెందుకు అంటారా? నడివయసు అని ఈ పరిశోధనలన్నీ చెప్పే వయసులో ఇప్పుడు ఉన్నది మన అమ్మానాన్నలు. ఎల్‌డీఎల్ పెరిగితే నొప్పి రాదు, జ్వరం రాదు, టెస్ట్ చేయిస్తే తప్ప తెలియదు. ఆ టెస్ట్ ఫీజు మన ఒక్క వీకెండ్ ఖర్చు కన్నా పెద్దదేం కాదు. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ లిపిడ్ ప్రొఫైల్, నాన్న బీపీ చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారో అడగండి. నంబర్ ఎక్కువుంటే యూట్యూబ్ చిట్కాలు వద్దు, డాక్టర్‌ దగ్గరికి తీసుకెళ్లండి. ఇప్పటికే మాత్ర వాడుతుంటే సొంతంగా ఆపనివ్వకండి. గుండె కోసం ఎలాగూ చేయాల్సిన పనే ఇది. మెదడుకి కూడా మేలు జరిగే అవకాశం ఉందంటే, వాయిదా వేయడానికి ఇంకో సాకు తగ్గినట్టే.