శిలువ గొలుసు, పార్టీ టికెట్: రెండు స్ట్రాస్‌బర్గ్ తీర్పులు

బ్రిటిష్ ఎయిర్‌వేస్ చెకిన్ ఉద్యోగిని నాడియా ఎవైడా మెడలో సన్నని గొలుసు, దానికో చిన్న శిలువ. 2006లో అది యూనిఫాం మీద కనబడుతోందని జీతం లేకుండా ఇంటికి పంపేశారు. తలపాగా, హిజాబ్‌లకు మాత్రం అదే కంపెనీలో అనుమతి ఉంది! 2007లో నిబంధన మార్చారు గానీ పోయిన జీతం ఇవ్వలేదు. 2013 జనవరి 15న స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు, యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందం 9వ అధికరణం (మత స్వేచ్ఛ) కింద 5-2తో ఆమె పక్షాన నిలిచింది. కంపెనీ ఇమేజ్ కాపాడుకోవడం సబబే, కానీ బ్రిటన్ కోర్టులు దానికి మరీ ఎక్కువ విలువ కట్టాయంది. అదే తీర్పులో శిలువ కోసమే పోరాడిన నర్సు ఓడిపోయింది. అక్కడ వార్డులో ఆరోగ్య భద్రత అడ్డొచ్చింది.

రెండో తీర్పు రాజకీయాలకు సంబంధించిన రెడ్‌ఫెర్న్ కేసులోది. అతను బ్రాడ్‌ఫర్డ్‌లో సెర్కో సంస్థ డ్రైవర్. 2004లో బ్రిటిష్ నేషనల్ పార్టీ తరఫున కౌన్సిలర్‌గా గెలవగానే ఉద్యోగం ఊడింది. ఏడాది సర్వీసు నిండలేదు కనుక అన్యాయపు తొలగింపు కేసు వేసే దారి లేదు. 2012లో అదే స్ట్రాస్‌బర్గ్ కోర్టులో 11వ అధికరణం (సంఘ స్వేచ్ఛ) కింద 4-3తో గెలిచాడు. 2013లో బ్రిటన్ చట్టం మార్చింది. గుర్తుంచుకోండి, రెండింట్లోనూ ప్రతివాది కంపెనీ కాదు, బ్రిటన్ ప్రభుత్వం.