ఒకే పుస్తకం – నలుగురు చదువరులు

రోగి మంచం దగ్గర డాక్టరు, నర్సు, ఫార్మసిస్టు, ఫిజియోథెరపిస్టు కలిసి పని చేయాలి. కానీ చదువుకునే రోజుల్లో వీరి కళాశాలలు వేరు, పాఠాలు వేరు, పరీక్షలు వేరు. మరి కలిసి పని చేయడం ఎప్పుడు నేర్చుకుంటారు? వేర్వేరు వృత్తుల విద్యార్థులు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది. అందుకు ఒక తేలిక మార్గం ఉంది. అందరిచేతా ఒకే పుస్తకం చదివించి, ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించడమే.

అది పాఠ్యపుస్తకం కాకూడదు. పాఠ్యపుస్తకమైతే ఎక్కువ తెలిసినవారే మాట్లాడతారు, మిగిలినవారు తలలూపుతారు. కథలా సాగే పుస్తకం ముందు అందరూ పాఠకులే.

అమెరికాలో ఇందుకు బాగా పనికొచ్చిన పుస్తకం ఒకటుంది. యాన్ ఫాడిమన్ 1997లో రాసిన ‘ద స్పిరిట్ క్యాచెస్ యు అండ్ యు ఫాల్ డౌన్’. లావోస్ నుంచి కాలిఫోర్నియాకు శరణార్థులుగా వచ్చిన మోంగ్ కుటుంబంలో 1982లో లియా లీ పుట్టింది. నెలల పసికందుగా ఉండగానే ఆమెకు మూర్ఛలు మొదలయ్యాయి. తల్లిదండ్రులకు ఇంగ్లీషు రాదు. ఆసుపత్రిలో చాలాసార్లు దుబాసీ ఉండేవాడు కాదు. మందులు మారుతూనే ఉన్నాయి. ఏది ఎప్పుడు వేయాలో ఇంట్లో స్పష్టంగా తెలియలేదు. ఆత్మను ఏదో శక్తి పట్టుకోవడం వల్ల ఈ జబ్బు వచ్చిందని వారు నమ్మారు. డాక్టర్లు నిర్లక్ష్యం చేసినవారు కారు, ఎంతో శ్రమపడ్డారు. తల్లిదండ్రులు బిడ్డను ప్రాణంలా చూసుకున్నారు. అయినా 1986లో వచ్చిన తీవ్రమైన మూర్ఛ తరువాత లియా మెదడు కోలుకోలేదు.

ఇంత మంచివాళ్ల మధ్య ఇలా ఎందుకు జరిగింది? చర్చ మొదలయ్యేది ఇక్కడే. మందు సీసా మీద రాసింది ఆ తల్లికి అర్థమైందా అని ఫార్మసీ విద్యార్థి అడుగుతాడు. ఇంటికి వెళ్లి చూసినవారెవరని నర్సింగ్ విద్యార్థిని అడుగుతుంది. అర్ధరాత్రి అత్యవసర విభాగంలో ఒక్కడే ఉన్న డాక్టరు ఇంకేం చేయగలడని వైద్య విద్యార్థి వాదిస్తాడు. ముగ్గురూ చదివింది ఒకే పేజీ, కానీ ఒకరికి కనబడింది మరొకరికి కనబడలేదు. పక్కవాడి పని ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

ఆరుగురు, ఎనిమిదిమంది ఉన్న చిన్న జట్లయితే మంచిది. ప్రతి జట్టులోనూ అన్ని వృత్తులవారూ ఉండాలి. మొదటి మాట ఎప్పుడూ వైద్య విద్యార్థిదే కాకుండా ఉపాధ్యాయుడు చూడాలి. దీనికి మార్కులు వేయకపోవడమే మేలని నా అభిప్రాయం. మార్కులు పెడితే పిల్లలు చెప్పేది తమ మాట కాదు, గురువుగారికి నచ్చే మాట.

ఈ అలవాటు ఆపరేషన్ గదిలో అక్కరకొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ప్రకటించిన శస్త్రచికిత్స భద్రతా పట్టిక ప్రకారం, కత్తి పెట్టకముందే గదిలో ఉన్న ప్రతివారూ తమ పేరు, తాము చేసే పని చెప్పాలి. పేరు చెప్పి ఒకసారి గొంతు విప్పిన నర్సు, ఏదైనా పొరపాటు కనబడితే “ఆగండి” అనడానికి అంతగా జంకదు.

అభ్యాసం: మీ తరగతిలో నలుగురు కలిసి ఒకే కథ చదవండి. ఒకరు రోగిగా, ఒకరు నర్సుగా, ఒకరు డాక్టరుగా, ఒకరు రోగి అమ్మగా ఆలోచించి, తమకు మాత్రమే తోచిన ఒక్కొక్క ప్రశ్న రాసుకుని రండి.