వేడి నీళ్లు సన్నగా వస్తున్నాయా? మిక్సర్ మార్చే ముందు ఈ పరీక్షలు చేయండి



పండించింది పండించినట్టు అమ్మకుండా నెయ్యి, గానుగ నూనె, పచ్చళ్లు సొంతంగా సీసాల్లో పోసి అమ్మే వాళ్లు మనలో పెరుగుతున్నారు. ఈ పనిలో సింక్ దగ్గర వేడి నీళ్లు చాలా ముఖ్యం. చల్లటి నీళ్లకు నెయ్యి గడ్డకట్టి సీసా గోడకు అంటుకుంటుంది. ఆ జిడ్డు మిగిలిపోతే కొన్నాళ్లకు కనరు వాసన వస్తుంది, పైన పోసిన మంచి నెయ్యికి కూడా ఆ వాసన పట్టేస్తుంది. రసాయన సబ్బులు వాడకుండా కుంకుడు రసంతో కడిగే వాళ్లకైతే వేడి నీళ్లు లేకుండా పని జరగదు.

మా షెడ్డులోనూ బోరు నీళ్లే. మిక్సర్ ట్యాప్ చల్లటి వైపు తిప్పితే ధార బాగుంటుంది, వేడి వైపు తిప్పితే దారంలా వస్తుంది. బోరు నీళ్లు వాడే చాలా ఇళ్లలో ఇదే సమస్య. ఎవరిని అడిగినా మిక్సర్ మార్చమనో, ప్రెషర్ పంపు పెట్టమనో అంటారు. ముందు నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో కనుక్కుంటే చాలాసార్లు ఆ ఖర్చు పడదు. నేను చేసే పద్ధతి వరుసగా చెబుతాను. విప్పడం, బిగించడం వీడియోలో చూడండి.

వేడి వైపే ఎందుకు?

బోరు నీళ్లలో కాల్షియం బైకార్బనేట్ కరిగి ఉంటుంది. చల్లగా ఉన్నంతసేపు అది కంటికి కనపడదు. నీళ్లు వేడెక్కితే అందులోని కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది, మిగిలింది కాల్షియం కార్బనేట్‌గా, అంటే సున్నపు పెచ్చుగా మారుతుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పట్టేది ఇదే. గీజర్‌లో తయారైన ఆ పెచ్చులు నీళ్లతో కొట్టుకొచ్చి, దారి ఇరుకైన చోట ఇరుక్కుంటాయి. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. మీ నీటి పరీక్ష రిపోర్టులో ఈ అంకె ఒకసారి చూసుకోండి.

పరీక్ష 1: లీటరు సీసా, ఫోన్‌లో స్టాప్‌వాచ్

డ్రిప్పులో 4 లీటర్ల డ్రిప్పర్ నిమిషానికి సుమారు 67 మిల్లీలీటర్లు ఇస్తోందో లేదో కొలిచి చూస్తాం కదా, ఇక్కడా అంతే. లీటరు సీసా చల్లటి వైపు ఎన్ని సెకన్లలో నిండింది, వేడి వైపు ఎన్ని సెకన్లలో నిండింది, రాసుకోండి.

- రెండు వైపులా సన్నగా వస్తే ట్యాప్ మూతి దగ్గరి జాలీ గానీ, ట్యాంకు ఎత్తు గానీ కారణం. 10 మీటర్ల ఎత్తుకు ఒక కేజీ ప్రెషర్ వస్తుంది. షెడ్డు మీద 3 మీటర్ల ఎత్తులో ట్యాంకు ఉంటే వచ్చేది 0.3 కేజీ మాత్రమే.
- వేడి వైపే సన్నగా ఉంటే మూతి జాలీ జోలికి పోవద్దు. రెండు నీళ్లూ దాని గుండానే వస్తాయి కాబట్టి తప్పు దానిది కాదు.
- మొదట బాగా వచ్చి, నీళ్లు వేడెక్కే కొద్దీ సన్నబడితే రబ్బరును అనుమానించాలి. రెండు పిడుల మిక్సర్లో వేడి వైపు వాషరు గానీ, కనెక్షన్ పైపు లోపలి రబ్బరు గానీ వేడికి ఉబ్బి దారి మూసేస్తుంది.

పరీక్ష 2: ఇంకో వేడి ట్యాప్

అదే గీజర్ నుంచి స్నానాల గదికి కూడా లైను ఉంటే అక్కడ చూడండి. అక్కడా సన్నగానే వస్తుంటే తప్పు గీజర్ దగ్గరో, మెయిన్ లైనులోనో ఉంది. అక్కడ బాగుంటే తప్పు మీ సింక్ కిందే ఉంది.

పరీక్ష 3: పైపు మార్పిడి

ముందు గీజర్ స్విచ్ కాదు, ఎంసీబీయే ఆపేయండి. వేడి నీళ్లు చల్లబడే దాకా వదిలేయండి. ఈ పని తొందరలో చేస్తే చేతులు కాలతాయి.

సింక్ కింద ఉన్న రెండు యాంగిల్ వాల్వులు కట్టేయండి. రెండు కనెక్షన్ పైపులూ వాల్వుల దగ్గర విప్పండి. వేడి వైపు పైపును తెచ్చి చల్లటి వాల్వుకు బిగించండి. ఖాళీగా ఉన్న రెండో పైపు కొసను బకెట్‌లో పెట్టండి, అందులోంచి నీళ్లు వెనక్కి రావచ్చు. ఇప్పుడు చల్లటి వాల్వు తెరిచి, మిక్సర్ పిడిని పూర్తిగా వేడి వైపు తిప్పండి.

ధార బాగా వస్తే మిక్సర్, పైపు రెండూ బాగున్నట్టే. అడ్డు వేడి యాంగిల్ వాల్వులోనో, దాని వెనకాలో ఉంది. ధార సన్నగానే ఉంటే అడ్డు పైపులోనో, మిక్సర్ లోపలి కార్ట్రిడ్జ్‌లోనో ఉంది.

పరీక్ష 4: వాల్వు కింద బకెట్

వేడి యాంగిల్ వాల్వు కింద బకెట్ పెట్టి మెల్లగా తెరవండి. నీళ్లు బాగా దూకితే వాల్వు దాకా దారి బాగున్నట్టే. సన్నగా వస్తే వాల్వు లోపల పెచ్చులు ఉండొచ్చు, లేదా గీజర్‌లోకి నీళ్లు వెళ్లే చోట ఉండే నాన్ రిటర్న్ వాల్వు ఇరుక్కుని ఉండొచ్చు. సోలార్ హీటరు అయితే పైపు ఎక్కి దిగే చోట గాలి పట్టిందేమో కూడా చూడాలి.

శుభ్రం చేయడం

కనెక్షన్ పైపు లోపల రబ్బరు ఉబ్బితే కడగడం దండగ, కొత్తది వేయండి. ఒక పిడి మిక్సర్ అయితే ఎరుపు నీలం బిళ్ల తీసి, లోపలి స్క్రూను అలెన్ కీతో వదులు చేస్తే పిడి ఊడుతుంది, దాని కింది నట్టు విప్పితే కార్ట్రిడ్జ్ బయటికి వస్తుంది. ఈ పనికి ముందు రెండు వాల్వులూ కట్టి ఉండాలి. కార్ట్రిడ్జ్ పగిలితే పాతదాన్ని చేత్తో పట్టుకుని షాపుకు వెళ్లండి, సైజు తప్పదు.

పెచ్చు మాత్రమే అయితే లీటరు గోరువెచ్చని నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి అరగంట నానబెట్టండి. బుడగలు వస్తే సున్నం కరుగుతున్నట్టు. పాత టూత్ బ్రష్‌తో రుద్ది మంచి నీళ్లతో కడగండి. రాత్రంతా వదిలేయకండి, ఇత్తడి, పైపూత పాడవుతాయి. బాత్రూం యాసిడ్ అసలు వద్దు. ఏ యాసిడ్‌నైనా బ్లీచింగ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది, గుర్తుంచుకోండి.

మళ్లీ బిగించే ముందు వాల్వు తెరిచి రెండు లీటర్లు బకెట్‌లోకి వదలండి. లైనులో మిగిలిన పెచ్చులు పోతాయి. లేదంటే కడిగిన కార్ట్రిడ్జ్‌లోకే వచ్చి కూర్చుంటాయి. ఆఖరున లీటరు సీసా పరీక్ష మళ్లీ చేసి, ముందు రాసుకున్న సెకన్లతో పోల్చండి.

చేయకూడనివి

గీజర్ మీద ప్రెషర్ వదిలే వాల్వు ఉంటుంది. నీళ్లు వేడెక్కి వ్యాకోచించినప్పుడు అందులోంచి చుక్కలు కారడం మామూలే. చుక్కలు పడుతున్నాయని దాన్ని మూయడం, ధార పెరుగుతుందని తీసేయడం ప్రాణానికే ప్రమాదం. గీజర్ లోపల శుభ్రం చేయడం టెక్నీషియన్ పని, మనం ముట్టుకోవద్దు. వేడి నీళ్ల లైనుకు సీపీవీసీ పైపే ఉండాలి, మామూలు పీవీసీ వేడికి మెత్తబడుతుంది. గీజర్ వేడిని అవసరానికి మించి పెంచితే పెచ్చు కూడా త్వరగా కడుతుంది. సీసాలకు 60 డిగ్రీలు చాలు.

పొలంలోనూ ఇదే లెక్క

మన డ్రిప్పు లైన్లు మూసుకుపోతే వెంటనే జీవామృతం మీద నింద వేస్తాం. డ్రిప్పర్ విప్పి చూడండి. వేలికి జిగురుగా, నల్లగా తగిలితే వడపోత సరిగా జరగలేదు, గుడ్డ మార్చి లైను చివర మూతలు తీసి ఫ్లష్ చేయాలి. తెల్లగా, గరుకుగా ఉండి నిమ్మరసం వేస్తే బుడగలు వస్తే అది బోరు నీళ్ల సున్నం. ఎండలో కాగే నల్ల పైపులో నీళ్లు వేడెక్కి, డ్రిప్పర్ మూతి దగ్గర ఆరిపోయి సున్నం గడ్డకడుతుంది. లైను మీద ఆచ్ఛాదన కప్పితే పైపు అంత కాగదు, అందుకే ఆచ్ఛాదన నేలకే కాదు, పైపుకూ మేలు చేస్తుంది.

ఇంట్లో అయినా పొలంలో అయినా ముందు కొలవండి, తర్వాత అడ్డు ఎక్కడుందో వెతకండి, ఆ తర్వాతే స్పానర్ పట్టండి.