సెమినార్‌కు పోయేటప్పుడు ఒక ప్రశ్న తీసుకపో

తిమ్మాజిపేట

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. చట్టం, తత్వం మీద రెండురోజుల సెమినార్ అంటే ఆశగా పోయినవు. మొదటి గంట దీపానికీ శాలువాలకూ పోయింది, మిగతాదంతా ఇంగ్లిషులో తల మీదినుంచి పోయింది. సర్టిఫికెట్టు, సంచీ పట్టుకొని హాస్టల్‌కు వచ్చినవు. ఇక వాటికి పోను, జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు చదువుకుంట అంటున్నవు. చదువుకో, వద్దనను. కానీ సెమినార్లు మానొద్దు. నాగర్‌కర్నూల్ కోర్టులో పార్టిషన్ దావాలు, ఇంజంక్షన్లు చేసుకునే చిన్నాయనకు తత్వంతో ఏం పని అని నవ్వుకుంటవేమో.

ఒక సంగతి చెప్త, విను. 1965 ఫిబ్రవరిలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయం లా ఫ్యాకల్టీలో డీట్రిష్ కాన్రాడ్ అనే జర్మన్ ప్రొఫెసర్ ఒక ఉపన్యాసం ఇచ్చిండు. రాజ్యాంగాన్ని సవరించే అధికారానికి, అందులో రాయని హద్దులేమైనా ఉన్నయా అన్నది విషయం. 368వ అధికరణంలో చెప్పిన పద్ధతి పాటిస్తే ఏ సవరణైనా చెల్లుతుందన్నదే అప్పటికి మన కోర్టుల లెక్క. కాన్రాడ్ కొన్ని ప్రశ్నలు వేసిండు. ప్రాణానికీ స్వేచ్ఛకూ కాపుండే 21వ అధికరణాన్నే సవరణ పేరుతో తీసేయొచ్చా? బలం తగ్గుతున్నదని భయపడ్డ పార్టీ, సవరించే అధికారం మొత్తాన్ని ప్రధాని సలహా మీద నడిచే రాష్ట్రపతికి అప్పగించొచ్చా? రాజ్యాంగాన్నే ఎత్తేసి మొఘల్ పాదుషా ఏలుబడిని మళ్లా తేవొచ్చా? వైమార్ రాజ్యాంగం ఉండంగనే హిట్లర్ రాజ్యం వచ్చిన దేశం ఆయనది. ఊరికే పుట్టిన ప్రశ్నలు కావవి.

ఆ ఉపన్యాసం ఎం.కె. నంబియార్ అనే పెద్ద వకీలు చేతికి వచ్చింది. గోలక్‌నాథ్ కేసులో దాన్ని సుప్రీంకోర్టు ముందర పెట్టిండు. ఆ బెంచికి పెద్ద మన కోకా సుబ్బారావు గారు. 1967 ఫిబ్రవరి 27న, ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించరాదని ఆరుగురు, తగ్గించొచ్చని ఐదుగురు తేల్చిన్రు. కాన్రాడ్ ప్రశ్నకు పూర్తి జవాబు అప్పుడు రాలేదు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో వచ్చింది. పదముగ్గురు జడ్జీలు, ఏడుకు ఆరు. సవరణాధికారానికి హద్దు ఉందన్న ఏడుగురిలో పి. జగన్మోహన్ రెడ్డి గారు ఒకరు. తర్వాత ఆయనే మీ ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్‌గా చేసిండు, మీ సీనియర్లకైనా తెలుసో లేదో అడుగు. ఆ ఏడుగురిలోనే ఉన్న జస్టిస్ ఖన్నా తన తీర్పులో కాన్రాడ్ మాటలను ఎత్తి రాసిండు. బనారస్ హాల్లో ఆ రోజు ఎంతమంది కునుకు తీసిన్రో ఎవరు చూసిన్రు! ప్రశ్న మాత్రం ఎనిమిదేండ్లు నడిచి తీర్పు దాకా పోయింది.

నువ్వూ ఒక ప్రశ్నతో పో. అది మన దగ్గర నుంచి తీసుకపో. సాదా బైనామానే తీసుకో. మన మండలంలో ఏ ఊరికి పోయినా తెల్లకాగితం మీద రాసుకొని, నలుగురు సాక్షుల ముందర పైసలిచ్చి కొన్న చెలకలు కనిపిస్తయి. రిజిస్ట్రేషన్ ఉండదు. కొన్నోడు ముప్పై ఏండ్లుగా దున్నుకుంటుంటడు. 1971 నాటి హక్కుల రికార్డు చట్టంలో 5ఎ సెక్షన్ ఉండె, తాసిల్దార్ దగ్గర క్రమబద్ధం చేయించుకునే వీలుండె. 2020లో కొత్త చట్టం, దాంతోపాటు ధరణి పోర్టల్ వచ్చినయి. ఆ సెక్షన్ పోయింది. 2025 భూభారతి చట్టం మళ్లా తలుపు తెరిచింది, అదీ 2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 మధ్య దరఖాస్తు పెట్టుకున్నోళ్లకే. అదే చెలక, అదే కాగితం, అదే రైతు. నడుమ ఉన్న ఆ ఏండ్లలో ఆ రైతుకు హక్కు ఉన్నట్టా, లేనట్టా?

ఆస్తి బదిలీ చట్టంలోని 53ఎ సెక్షన్ కాపుదల ఉంది గదా అంటవు. 2001 సవరణ తర్వాత దానికీ రిజిస్ట్రేషన్ కావాలె. పైగా అది దావాలో అడ్డం పెట్టుకునే డాలే గాని పట్టా కాదు. అప్పుడు అసలు సంగతికి వస్తం. చట్టం హక్కును పుట్టిస్తదా, ఉన్న హక్కును గుర్తిస్తదా? నిన్ను నిద్రపుచ్చిన సెమినార్ల సారమంతా ఈ చెలక గట్టు మీదనే ఉంది.

ఈ ప్రశ్న పట్టుకొని లైబ్రరీకి పో. 1957లో హెచ్.ఎల్.ఎ. హార్ట్ అనే ఇంగ్లండు న్యాయ తత్వవేత్త హార్వర్డ్‌లో ఒక ఉపన్యాసం ఇచ్చిండు, అక్కడి ప్రొఫెసర్ లాన్ ఫుల్లర్ దానికి ఎదురు జవాబు రాసిండు. రెండూ 1958లో హార్వర్డ్ లా రివ్యూలో వచ్చినయి. చట్టం ఎట్లున్నదన్నది ఒక సంగతి, ఎట్లుండాలన్నది ఇంకో సంగతి, కలపొద్దని హార్ట్. పార్కులోకి వాహనాలు రావద్దని నియమం ఉంటే మోటారు కారు సరే, సైకిల్ సంగతేంది అని ఆయన అడిగిండు. యుద్ధంలో వాడిన ట్రక్కును గద్దె మీద స్మారకంగా నిలబెడితే అదీ నియమం తప్పినట్టేనా అని ఫుల్లర్ తిప్పి అడిగిండు. నియమం ఎందుకోసం పెట్టిన్రో చూడకుండా మాటకు అర్థం తేలదని ఆయన వాదన. సాదా బైనామాను మొదట హార్ట్ కండ్లతో చూడు, తర్వాత ఫుల్లర్ కండ్లతో. నామట్టుకు నేను కోర్టులో హార్ట్ దిక్కు, ఇంటికొచ్చినంక ఫుల్లర్ దిక్కు. మీ పిన్నికి ఈ ఇద్దరి గోస ఎన్నిసార్లు చెప్పిన్నో!

ఇక, అన్ని సెమినార్లకూ పోకు. బ్రోచర్లో ఇరవై ఉపవిషయాలు, మనిషికి ఏడు నిమిషాలు అని ఉంటే అది సర్టిఫికెట్ల సంత. ఒక్కరే గంటసేపు మాట్లాడి, అరగంట ప్రశ్నలకు వదిలే సభకు పో. శామీర్‌పేటలో నల్సార్ ఉంది, గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో తత్వశాస్త్ర విభాగం ఉంది, నోటీసులు చూస్తుండు. వక్త రాసిన వ్యాసం ఒక్కటన్నా ముందు చదివి పో. ప్రశ్నను రెండు వాక్యాల్లో కాగితం మీద రాసుకో. లేచి నిలబడి ‘అద్భుతమైన ప్రసంగం’ అని మొదలుపెట్టి, ప్రశ్న లేని ఉపన్యాసం దంచే పెద్దమనుషులుంటరు. వాళ్ల దారి పట్టకు. ఇంగ్లిషు తడబడితే తెలుగులనే అడుగు, అక్కడ తర్జుమా చేసేటోళ్లు ఒకరన్నా ఉంటరు. మైకు నీదాకా రాకుంటే చాయ్ దగ్గర పట్టుకో. అక్కడ ప్రొఫెసర్లు స్టేజీ మీదికంటే నిజం చెప్తరు.

తెలుగులో వినాలంటే బాలగోపాల్ సంస్మరణ సభకు పో. కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన మనిషి, తర్వాత వకీలై హైకోర్టులో పేదల కేసులు వాదించిండు; 2009 అక్టోబర్ 8న పోయిండు. మానవ హక్కుల వేదిక వాళ్లు ఏటా అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ఆ సభ పెడ్తరు. ఈసారి నేనూ వస్త. ముందురోజు రాత్రికి మీ హాస్టల్ దగ్గరలో ఎక్కడన్నా ఉండే ఏర్పాటు చూడు, లాడ్జి అయినా సరే.

మీ నాయన పత్తి ఏరించే పనిలో ఉన్నడు, ఫీజు పైసలు వచ్చే వారం వేస్తడట. హార్ట్, ఫుల్లర్ వ్యాసాలు రెండూ జిరాక్స్ తీయించి నాకొక సెట్టు పంపు. నా దగ్గరున్నవి చెదలు తిన్నయి.

మీ చిన్నాయన