సభ్యుల అభిమానమే సంఘమునకు మూలధనము

సహకార పత్రికలో ఫుట్‌బాల్ ఆటను గూర్చిన పాఠమెందులకని మన సభ్యులలో కొందరు ఆశ్చర్యపడవచ్చును. ఎరువుల లెక్కయు, విత్తనముల ధరయు, అప్పుల వాయిదాయు చదువుటకు అలవాటుపడిన కన్నులకు ఈ విషయము క్రొత్తగా తోచుట సహజమే. కాని మన సంఘములను బాధించు ప్రశ్న యొకటి కలదు. సభ్యుడు వాటా కొనును, అప్పు తీసికొనును, ఎరువు తోలుకొనిపోవును. పంట కళ్ళమునకు వచ్చిన దినమున మాత్రము బస్తాకు పది రూపాయలు ఎక్కువ యిత్తునన్న వర్తకుని వెంట పోవును. ఇట్టివానిని సంఘమునకు కట్టియుంచు త్రాడు ఏది? ఈ ప్రశ్నకు ఐరోపా ఖండమందలి కొన్ని ఫుట్‌బాల్ క్లబ్బుల చరిత్రలో మనకు పనికివచ్చు సమాధానము దొరకును.

ఆ దేశములలో పట్టణమునకొకటి, పెద్ద నగరములలో పేటకొకటి చొప్పున క్లబ్బులుండును. పోటీ జరుగు దినమున ఆ పేటవారు టిక్కెట్టు కొని మైదానమునకు పోయి తమ జట్టును ప్రోత్సహింతురు. తాత తండ్రిని, తండ్రి కొడుకును వెంటబెట్టుకొని పోవుట అక్కడి వాడుక. జట్టు ఓడినను వారు దానిని విడువరు. అంగడిలో ఒక సబ్బు నచ్చకున్న మరియొక సబ్బు కొందుము. జట్టు సంగతి అట్టిది కాదు. ఒక యేడు పంట పోయినదని రైతు తన పొలమును విడిచిపోవునా? అభిమానియు నట్లే. అయితే ఈ అభిమానమును ఊరక దొరకిన సొత్తుగా నెంచిన యజమానులు చెడిరి. దీనిని సాగుచేసి పెంచినవారు నిలిచిరి. ఈ రెండింటికిని వింబుల్డన్ కథయే నిదర్శనము.

వింబుల్డన్‌వారి కథ

లండన్ నగరమునకు దక్షిణమున నున్న వింబుల్డన్‌లో 1889లో ఒక క్లబ్బు పుట్టెను. 1912 నుండి ప్లౌ లేన్ అను మైదానమున ఆడుచుండెను. చిన్న క్లబ్బే యైనను 1988లో ఎఫ్.ఏ. కప్పు తుదిపోటీలో ప్రఖ్యాతమైన లివర్‌పూల్ జట్టును 1–0తో ఓడించి ఖ్యాతి గడించెను. 1991లో సొంత మైదానమును విడిచి మరియొక క్లబ్బు మైదానమున తలదాచుకొనవలసి వచ్చెను. తరువాత దాని యజమానులు క్లబ్బునే సుమారు 55 మైళ్ళ దూరమున నున్న మిల్టన్ కీన్స్ అను క్రొత్త పట్టణమునకు తరలింప నిశ్చయించిరి. అభిమానులు ఎంత మొఱపెట్టుకొన్నను ఫలితము లేకపోయెను. 2002 మే 28న మువ్వురు సభ్యులు గల విచారణ సంఘము ఇద్దరు ఔననగా ఒకరు కాదనగా ఆ తరలింపునకు అనుమతి నిచ్చెను.

కాగితముమీద క్లబ్బు యజమానులదే. కాని నూరేండ్లకు పైగా దానిని పోషించినది ఆ పేటవారు. వారి సమ్మతి లేకుండ చేసిన ఆ పని, ఊరి చెరువును ఊరివారి నడుగక పొరుగు తాలూకాకు అమ్మివేసినట్లయ్యెను.

అభిమానులు దుఃఖించి ఊరకుండలేదు. కొన్ని వారములలోనే ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ అను క్రొత్త క్లబ్బును స్థాపించిరి. జట్టు లేదు, మైదానము లేదు. ఆ జూన్ మాసమున వింబుల్డన్ కామన్ అను బహిరంగ స్థలమున ఆటగాండ్ర ఎంపిక జరుపగా 230 మంది వచ్చిరి. ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో పోటీలు అంతస్తులుగా నుండును. క్రొత్త జట్టునకు దొరకినది తొమ్మిదవ అంతస్తు. అయినను మొదటి యేడు వారి పోటీలకు సగటున మూడువేలమంది వచ్చిరి. తరలింపునకు ఉత్తరువు పొందిన పాత జట్టు ఆ యేడు ఇంకను లండన్‌లోనే చాల పైయంతస్తున ఆడుచుండినను, దానికి వచ్చిన ప్రేక్షకుల సగటు ఇంతకంటె తక్కువ. జట్టు పేరును తరలింపవచ్చును గాని జనుల మనస్సును తరలింప వీలుకాదని దీనివలన తేటపడినది. క్రొత్త జట్టు తొమ్మిది సంవత్సరములలో ఐదు మెట్లెక్కి 2011లో ఫుట్‌బాల్ లీగునందు ప్రవేశించెను.

ఆ క్లబ్బు ఎవరిది?

ఈ విజయమునకు ఆటగాండ్ర నేర్పు ఒక కారణము. మన కెక్కువ పనికివచ్చు కారణము మరియొకటి కలదు. ఆ క్లబ్బుపై అధికారము డాన్స్ ట్రస్టు అను సభ్యుల సంఘమున కుండునట్లు ఏర్పాటు చేసిరి. ఆ సంఘమున ధనికునకైనను పేదకైనను ఒకటే ఓటు. 1844లో రాచ్‌డేల్ పనివారు చూపిన మార్గమున నడచు సంఘములకై ఇంగ్లండున 1852 నుండి ఏర్పడిన చట్టముల వంశమునకు చెందిన చట్టము క్రిందనే ఈ ట్రస్టు రిజిస్టరైనది. మన దేశమున 1904లో వచ్చిన సహకార పరపతి సంఘముల చట్టము వెనుకను అట్టి భావములే యున్నవి. కావున వింబుల్డన్ అభిమానులు మనకు దూరపు చుట్టములే.

సభ్యత్వమునకు పరీక్ష కష్టకాలముననే వచ్చును. తమ పాత స్థలమునకు సమీపముననే క్రొత్త మైదానమును కట్టుచుండగా, 2019 చివర వారికి ధనము చాలకపోయెను. బయటి ధనికులకు క్లబ్బులో పెద్దభాగము నిచ్చి అధికారమును వదలుకొందుమా అను ప్రశ్న సభ్యుల యెదుటికి వచ్చెను. అపుడు అభిమానులే బాండ్లు కొని 2020 తొలి మాసములలో 50 లక్షల పౌండ్లకు పైగా సమకూర్చిరి. కొంత స్వల్పభాగము బయటివారికి ఇయ్యవలసి వచ్చినను ఓట్ల ఆధిక్యము సభ్యుల చేతిలోనే నిలిచెను. 2020 నవంబరు 3న జట్టు మరల ప్లౌ లేన్‌లో ఆడినది. కరోనా జాడ్యమువలన ఆనాడు ప్రేక్షకులను రానీయలేదు. తాము కట్టించుకొన్న యింటి గృహప్రవేశమును వారు దూరమునుండి చూడవలసి వచ్చెను. ఆ సంవత్సరముననే ఆ అభిమానులు సహాయక బృందముగా ఏర్పడి, దుకాణములయొద్ద ఆహార పదార్థములు సేకరించి ఇబ్బందిలోనున్న కుటుంబములకు చేర్చిరి. ఊరు క్లబ్బును నిలిపినది. క్లబ్బు ఊరికి అన్నము పెట్టినది.

శ్రమ, ధర, ఓటు

ఇతర క్లబ్బుల చరిత్రనుండి మరి మూడు సంగతులు గ్రహింపవచ్చును.

మొదటిది శ్రమ. జర్మనీ దేశమందలి బెర్లిన్ నగరమున యూనియన్ బెర్లిన్ అను క్లబ్బు కలదు. 2004లో దానికి ధనము కరవైనపుడు అభిమానులు రక్తదానము చేసి, అందులకు వచ్చిన పైకమును క్లబ్బున కిచ్చిరి. 2008–09లో మైదానమును బాగుచేయవలసి వచ్చినపుడు రెండువేలకు పైగా అభిమానులు కూలి లేకుండ సుమారు 1,40,000 గంటలు పనిచేసిరి. తన చేతితో ఇటుక మోసిన గోడను ఎవడును పరాయిదిగా నెంచడు. 2019లో ఆ క్లబ్బు ఆ దేశపు మొదటి అంతస్తునకు చేరెను.

రెండవది న్యాయమైన ధర. 2016లో లివర్‌పూల్ క్లబ్బు కొన్ని టిక్కెట్ల ధరను 77 పౌండ్లకు పెంప దలచెను. ఫిబ్రవరి 6న పోటీ జరుగుచుండగా 77వ నిమిషమున వేలకొలది అభిమానులు లేచి బయటికి పోయిరి. కొన్ని దినములలోనే యజమానులు క్షమాపణ చెప్పి ఆ పెంపును మానుకొనిరి. వారు వెళ్ళిపోయినది ద్వేషముచేత కాదు. అభిమానికిని సహనమునకు మేర యుండునని తెలుపుటకు.

మూడవది ఓటు. క్లబ్బులు తమ వృత్తి జట్లను కంపెనీలుగా మార్చుకొనవచ్చునని జర్మనీ దేశమున 1998లో అనుమతించిరి. కాని ఓట్లలో సగముకంటె ఒకటి ఎక్కువగా సభ్యుల మాతృసంఘమునకే యుండవలెనని కట్టడి చేసిరి. కొలది క్లబ్బులకు మినహాయింపు లుండినను, సాధారణ నియమ మిదియే. 2021 ఏప్రిలులో పండ్రెండు పెద్ద క్లబ్బులు తమకు తాముగా వేరొక పోటీ పెట్టుకొన ప్రయత్నింపగా, వానిలో జర్మనీ క్లబ్బు ఒక్కటియు లేదు. ఇంగ్లండునందలి ఆరు క్లబ్బులు చేరినను, అభిమానుల ఆగ్రహమునకు జడిసి రెండు మూడు దినములలోనే వెనుకకు తగ్గినవి.

ఒక హెచ్చరిక

సభ్యుల యాజమాన్యమున్నంత మాత్రమున సర్వము సుఖమని తలపరాదు. స్పెయిన్ దేశమందలి బార్సిలోనా క్లబ్బు 1899లో స్థాపితమైనది. లక్షకు పైగా సభ్యులు గలది. అధ్యక్షుని సభ్యులే ఎన్నుకొందురు. అయినను 2021లో క్రొత్త అధ్యక్షుడు లెక్కలు విప్పిచెప్పగా దాని అప్పులును బాధ్యతలును కలిసి 135 కోట్ల యూరోలని తెలియవచ్చెను. ఆటను చూచినంత శ్రద్ధగా లెక్కలను చూడని సభ్యుడు సగము సభ్యుడే. అభిమానము ఎద్దువంటిది, తనిఖీ పగ్గమువంటిది. పగ్గము లేని ఎద్దు దున్నినచో చాలు వంకరపోవును.

మనము చేయవలసినది

పంటవేళ వర్తకుని వెంట పోవు సభ్యుని నిందించుటవలన ప్రయోజనము లేదు. వానికి సంఘము ఒక అంగడిగా తోచుచున్నది. ఎక్కువ ధర యిచ్చు అంగడికి పోవుట మనుష్యధర్మమే. సంఘము తనదని వానికి తోచునట్లు చేయుటయే మన పని. వింబుల్డన్‌వారు తొమ్మిదవ అంతస్తు ఆటను చూచుటకు పోయినది ఆట గొప్పదని కాదు, క్లబ్బు తమదని. ఆ భావమును ఉపన్యాసములతో పుట్టింపలేము. అడిగి చేయుటవలనను, లెక్క చూపుటవలనను, పనిలో పాలిచ్చుటవలనను అది పుట్టును.

రాబోవు సమావేశమున సభ్యులు ఈ క్రింది ప్రశ్నలను చర్చింపవలెనని కోరుచున్నాము:

1. గత సంవత్సరము మన పాలకవర్గము చేసిన పెద్ద నిర్ణయములలో సభ్యులను ముందుగా అడిగి చేసిన వెన్ని?

2. సంఘపు జమాఖర్చులు ప్రతి సభ్యునకు అర్థమగునట్లు తెలుగులో చదివి వినిపించుచున్నారా?

3. గోదాము మరమ్మతు, కాటా పని, కళ్ళము చదును మొదలగు పనులలో సభ్యుల శ్రమకు చోటిచ్చితిమా?

4. సర్వసభ్య సమావేశమునకు రానివారు ఎందులకు రాలేదో వారి యింటికి పోయి అడిగితిమా?

నాలుగవ ప్రశ్నకు సమాధానము సమావేశములో దొరకదు. వచ్చినవారు సాయంకాలము పొలమునుండి మరలునపుడు, రాని సభ్యుని యరుగుమీద కొంతసేపు కూర్చుండి వినవలయును.