వీపుకు చక్రాలు కట్టుకునే ముందు బండి చక్రాలు ఆపండి

మార్కాపురం నుంచి కంభం, గిద్దలూరు వైపు వెళ్లే రోడ్ల పక్కన ఉన్న మెకానిక్ షెడ్లలో బండిని పైకెత్తే లిఫ్టు ఉన్నవి తక్కువ. ఆర్టీసీ డిపోలో అయితే గుంతలోకి దిగి, నిలబడి బస్సు కింద పని చేసుకోవచ్చు. రోడ్డు పక్క మేస్త్రీకి ఆ వసతి లేదు. గోనెపట్టానో, అట్టముక్కనో, పాత ఫ్లెక్సీనో పరుచుకుని వెల్లకిలా దూరాలి. గేర్‌బాక్సు దగ్గర పని ముగించి వెనక హౌసింగ్ దగ్గరికి పోవాలంటే మోచేతులతో, మడమలతో నేలను తన్నుకుంటూ పాకాలి. మే నెలలో ఆ నేల వీపును కాలుస్తుంది. నడుము, మెడ పట్టేయడం ఈ వృత్తిలో అందరూ ఎరిగిన బాధే.

అందుకే చక్రాల పలక వచ్చింది. క్రీపర్ అంటారు. దాని మీద పడుకుని కాలితో తోస్తే బండి కిందికి జారిపోవచ్చు. కొన్ని షెడ్లలో చెక్కకు పాత బేరింగులు బిగించి సొంతంగానే చేసుకుంటారు. ఆ పలకనే ముక్కలు చేసి, భుజాలకు, నడుముకు బెల్టులతో కట్టుకునేలా చేసిన రకం కూడా ఉంది. పలక ఎటో జారిపోతుందన్న బాధ ఉండదు, పక్కకు ఒత్తిగిలినా చక్రాలు మనతోనే వస్తాయి. వీపు నేలకు తగలదు. ఇది మంచి సాధనమే, మన షెడ్లకు రావాలనే నా కోరిక. అయితే దీంతో వచ్చే ముప్పు కూడా ఆ సుఖంలోనే ఉంది. పాకడం కష్టం కాబట్టి ఇన్నాళ్లూ మనిషి దూరే ముందు ఒక్క క్షణం ఆలోచించేవాడు. చక్రాలుంటే స్టాండు పెట్టకముందే లోపలికి వెళ్లిపోతాడు.

నేల సంగతి

మిగతా ఊళ్ల సలహాలు మనకు సరిగ్గా సరిపోనిది ఇక్కడే. మార్కాపురం చుట్టుపక్కల పలకరాయి ఊరికే దొరుకుతుంది. షెడ్డు ముందు గుంతలు పూడ్చడానికి పలక చెత్తే పోస్తారు, జాకీ కిందికి ఎత్తు చాలకపోతే చేతికందేది ఆ రాతి ముక్కే.

జాకీ కింద గానీ స్టాండు కింద గానీ పలకరాయి పెట్టకండి. పలకరాయి పొరలు పొరలుగా విడిపోయే రాయి. ఆ గుణం వల్లే దాన్ని పలుచగా చీల్చి బడిపిల్లల పలకలు చేయగలిగారు. స్టాండు కాలు సన్నని చోట బరువు మోపితే ఆ రాయి అదే గుణంతో చిట్లుతుంది, ముందుగా చప్పుడు కూడా చేయదు. కడప బండ ముక్కలు, ఇటుకలు, సిమెంటు దిమ్మెలు కూడా వద్దు. స్టాండు కంటే వెడల్పుగా ఉన్న గట్టి చెక్క మొద్దు గానీ మందపాటి ఇనుప రేకు గానీ వేయండి. వాన పడ్డాక నల్లరేగడి మెత్తబడితే స్టాండు నెమ్మదిగా దిగబడుతుంది. అలాంటి రోజు సిమెంటు గచ్చు మీదే పని పెట్టుకోండి.

తొడుక్కునే చక్రాలు చిన్నవి. పలక పెచ్చు ఒకటి అడ్డొస్తే చక్రం టక్కున ఆగి, ఒళ్లు మాత్రం ముందుకు పోతుంది. లోపలికి వెళ్లే దారంతా ఊడ్చి, ప్లైవుడ్ షీటు పరవండి. నట్టులు, స్ప్లిట్ పిన్నులు, తీగముక్కలు ఏరేయండి. నేల వాలుగా ఉందో లేదో చూడటానికి షీటు మీద ఒక బేరింగు గుండు వదిలితే చాలు. అది దొర్లితే మీరూ దొర్లుతారు.

బండి సంగతి

హ్యాండ్ బ్రేకు వేశాం, గేర్లో పెట్టాం, ఇంకేం కదులుతుందనే ధైర్యం చాలామందికి ఉంటుంది. కానీ మనం చేసే పనే ఆ రెండు పట్లనూ వదిలిస్తుంది. జాయింట్ రాడ్డు విప్పాక గేరుకూ వెనక చక్రాలకూ సంబంధం ఉండదు. లారీకి బ్రేకు అడ్జస్టర్ వదులు చేస్తే ఆ చక్రానికి పార్కింగ్ బ్రేకు లేనట్టే. కారు వెనక భాగం జాకీతో ఎత్తితే, వెనక చక్రాల మీద పనిచేసే హ్యాండ్ బ్రేకు గాలిలో ఉంటుంది. కాబట్టి నేల మీద మిగిలిన చక్రాలకు ముందూ వెనకా రెండువైపులా అడ్డు చెక్కలు పెట్టండి. ఒకవైపు రాయి పెట్టి ఊరుకోకండి.

జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. సీలు పాతబడిన ఆయిల్ జాకీ మీరు చూస్తుండగానే దిగిపోవచ్చు. ఎత్తగానే బరువుకు తగిన స్టాండ్లు రెండువైపులా పెట్టి, జాకీ వదిలి బరువును వాటి మీదికి దించండి. అప్పుడు బయట నిలబడి బండిని చేత్తో గట్టిగా ఊపి చూడండి. ఊగులాడితే మళ్లీ సర్దండి. బెల్టులు కట్టుకోవడం ఆ తర్వాతే.

వేసవిలో మన ఊళ్లకు నీళ్లు తోలే ట్రాక్టర్ ట్యాంకర్ల విషయంలో రెండింతలు జాగ్రత్త కావాలి. లీటరు నీరు కిలో బరువు. 5000 లీటర్ల ట్యాంకరులో 5 టన్నులు ఉంటాయి. సగమే నిండిన ట్యాంకరు మరీ మోసం, ఎందుకంటే లోపలి నీళ్లు ఒక పక్కకు ఊగితే బరువంతా ఒకే స్టాండు మీద పడుతుంది. ఖాళీ చేయించకుండా దాని కింద దూరకండి. జనం నీళ్ల కోసం ఎదురుచూస్తున్నారు, తొందరగా కానివ్వమని యజమాని అన్నా సరే, ముందు కుళాయి తిప్పించండి.

టిప్పర్లూ అంతే. వెలిగొండ ప్రాజెక్టు పనులకూ క్వారీలకూ తిరిగే టిప్పరు తొట్టి ఎత్తి ఉంచినప్పుడు దాన్ని పట్టి ఉంచేది నూనె ఒత్తిడి ఒక్కటే. గొట్టం పగిలినా, లోపల ఎవరి చెయ్యి లివరుకు తగిలినా తొట్టి దిగుతుంది. ఆనుడు రాడ్డు పెట్టనిదే చక్రాలతో కాదు గదా, తల కూడా లోపల పెట్టకండి. రాడ్డు లేని టిప్పరైతే తొట్టి దించి, వేరే వైపు నుంచి పని అవుతుందేమో చూడండి.

గాలి సస్పెన్షన్ ఉన్న బస్సుకు బెలూన్లలో గాలి పోతే బాడీ కిందికి కూర్చుంటుంది. ఛాసిస్ కింద స్టాండు లేకుండా దూరకూడదు. లారీ బ్రేకు చాంబరులో నొక్కి ఉంచిన బలమైన స్ప్రింగు ఉంటుంది. కింద పడుకుని దాని క్లాంపు విప్పకండి.

నంద్యాల నుంచి నల్లమల ఘాటు దిగి దిగువమెట్ట మీదుగా గిద్దలూరు చేరిన లారీ, శ్రీశైలం నుంచి దోర్నాల దిగిన బండి డ్రమ్ములు మండుతూ వస్తాయి. వెంటనే కిందికి వెళ్లకండి, నీళ్లూ కొట్టకండి, డ్రమ్ము పగులుతుంది. చల్లారే దాకా డ్రైవరుకు టీ తాగి రమ్మని చెప్పండి.

చక్రాలు తొడుక్కున్నాక

ఫ్రాన్సులో జాన్ ఈవ్ బ్లాండో అనే ఆయన ఒళ్లంతా 31 చక్రాలున్న సూటు తయారుచేసుకుని కొండ రోడ్ల మీద పడుకుని జారుతూ పేరు తెచ్చుకున్నాడు. ఆయనకు కావలసింది ఆగకుండా పోవడం. మెకానిక్కుకు కావలసింది కోరినచోట కదలకుండా ఉండటం. అందువల్ల కొనేటప్పుడు చక్రాలు ఎంత నున్నగా తిరుగుతున్నాయని కాదు, వాటిని ఆపే బ్రేకు ఉందా అని ముందు చూడండి.

రెండోది, బెల్టు. పలక మీద పడుకున్నవాడు ఆపదలో పలకను వదిలి దొర్లిపోవచ్చు. కట్టుకున్నవాడికి ఆ దారి లేదు. బెల్టు ఒక్క లాగుతో ఊడిపోయే బకిల్ ఉన్నదే కొనండి. తాడుతో ముడివేసి కట్టుకోకండి. మొదటిసారి ఖాళీ నేల మీద పడుకుని, కళ్లు మూసుకుని, కుడి చేత్తో ఒకసారి, ఎడమ చేత్తో ఒకసారి విప్పి చూడండి. అది చేతికి అలవాటయ్యే దాకా బండి కిందికి వెళ్లొద్దు.

చక్రాలు వీపును రెండు మూడు అంగుళాలు లేపుతాయి. ముఖానికీ బండిలోని అన్నిటికంటే కిందికి ఉన్న భాగానికీ మధ్య జానెడైనా ఖాళీ ఉండాలి. లేదంటే బండిని ఇంకాస్త ఎత్తి స్టాండ్లు మార్చండి, చక్రాలు విప్పేసినా సరే. ముక్కు గీసుకుంటూ దూరకండి.

బిగుసుకుపోయిన పెద్ద నట్లు విప్పేటప్పుడు చక్రాలు ధరించకండి. పానాను బలంగా లాగితే నట్టు కదలదు, మీరే అటు జారతారు. పానా జారితే మరీ ప్రమాదం, తల పోయి ఛాసిస్‌కు కొట్టుకుంటుంది. చక్రాలు వెతకడానికి, చూడటానికి, గ్రీజు కొట్టడానికి, ఆయిల్ దించడానికి, చిన్న బోల్టులకు పనికొస్తాయి. బలం పెట్టే పనికి పాత గోనెపట్టా మీద పడుకుని, మడమలు నేలకు అదిమి చేయడమే మేలు. అలాగే గేర్‌బాక్సును ఛాతీ మీదికి దించుకునే అలవాటు మన దగ్గర ఉంది. ఆ పని చక్రాలతోనే కాదు, ఎలాగూ చేయకండి. గేర్‌బాక్సు జాకీ అద్దెకు తెచ్చుకోండి.

ఇంజను ఆన్‌లో ఉండగా ఈ చక్రాలతో కిందికి వెళ్లకండి. వేలాడే బెల్టు కొస తిరిగే రాడ్డుకు చుట్టుకుంటే మనిషినే లాగేస్తుంది. మిగిలిన కొసలన్నీ లోపలికి దోపుకోండి. లుంగీ, కండువా వద్దు. వెల్డింగు, గ్యాస్ కటింగ్ చేసేటప్పుడు చక్రాలు తీసేయండి, వాటికి ఉండే స్పాంజి, నైలాను అంటుకుంటే ఒంటికి కరుచుకుంటాయి. డీజిలు పీల్చిన స్పాంజిని ఉతకకుండా మళ్లీ కట్టుకోకండి.

వీపుకు చక్రాలతో లేచి నడవకండి. వెల్లకిలా పడితే తల వెనక దెబ్బ తగులుతుంది. బయటికి వచ్చి, కూర్చుని, విప్పి, అప్పుడు లేవండి.

దారిలో చెడిపోయిన లారీ కింద, ముఖ్యంగా హైవే మీద, చక్రాలు వద్దే వద్దు. రోడ్డు అంచుకు వాలు ఉంటుంది. కాళ్లు బయటికి పెట్టి పనిచేస్తుంటే వెనక వచ్చే బండికి కనిపించవు, కొంచెం జారితే రోడ్డు మీదికి వచ్చేస్తారు. గోనెపట్టా వేసుకుని, గట్టు వైపు నుంచే దూరి గట్టు వైపే బయటికి రండి.

వారానికోసారి చక్రాల ఇరుసుల్లో చుట్టుకున్న దారం, వెంట్రుకలు, ఇనుప రజను తీసి, పగిలిన చక్రం ఉంటే ఆ రోజే మార్చండి.

దుమ్ము, వెలుతురు

వెల్లకిలా పడుకుంటే రాలేదంతా కళ్లలోనే పడుతుంది, కళ్లజోడు తప్పనిసరి. క్వారీ బండ్ల కింద పేరుకున్న పలక దుమ్ములో సిలికా ఉంటుంది. పాత బ్రేకు లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఎయిర్ గన్నుతో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి, మాస్కు పెట్టుకోండి. 230 వోల్టుల బల్బుకు టేపు చుట్టిన తీగ వేసి లోపలికి లాక్కోవడం మానేయండి. తలకు కట్టుకునే ఎల్ఈడీ లైటు చాలు.

పక్కన మనిషి

కింద ఒకరుంటే బయట ఒకరు ఉండాలి. స్టీరింగు దగ్గర మాత్రం ఎవరూ ఉండకూడదు. గేర్లో ఉన్న బండికి తెలియక సెల్ఫ్ కొడితే అది ముందుకు దూకుతుంది. తాళం కిందికి వెళ్లేవాడి జేబులోనే ఉండాలి. మన ఊరి బడిపలక మీద "కింద మనిషి ఉన్నాడు" అని సుద్దముక్కతో రాసి స్టీరింగుకు తగిలించండి. కింది మనిషి బయటికి వచ్చాక తనే దాన్ని తీయాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు.

14 ఏళ్లలోపు పిల్లల్ని షెడ్డు పనిలో పెట్టుకోవడమే చట్టవిరుద్ధం. అంతకంటే పెద్ద కుర్రాళ్లనూ పని నేర్చుకునే వయసని చెప్పి బండి కిందికి పంపకండి. చక్రాలు తొడిగితే వాళ్లకది ఆటవస్తువు అవుతుంది. ఇద్దరు ముగ్గురు పనిచేసే షెడ్డును తనిఖీ చేయడానికి రోజూ ఏ అధికారీ రాడు. అక్కడ నియమం పెట్టాల్సింది మేస్త్రీయే.

ఎవరైనా బండి కింద చిక్కుకుంటే

ముందు 108కి ఫోన్ చేయించండి. బండి ఇంకా దిగకుండా మొద్దులు వేసి, అప్పుడు జాకీతో ఎత్తండి. పదిమంది కలిసి చేతులతో ఎత్తితే ఒకరి పట్టు జారినా మళ్లీ అతని మీదే పడుతుంది. బెల్టులు కోసేయండి, విప్పుతూ కూర్చోవద్దు. బయటికి తీశాక లేపి నిలబెట్టకండి, నీళ్లు, టీ తాగించకండి. చిక్కుకున్న సమయం, బయటికి తీసిన సమయం రెండూ చేతి మీదే పెన్నుతో రాసి పంపండి. కండరాలు ఎక్కువసేపు నలిగితే వాటిలోంచి వెలువడే పదార్థాలు గుండెనూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి, డాక్టరుకు ఆ సమయం తెలియడం చాలా అవసరం. బయటికి గాయం కనిపించకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. మూత్రం ముదురు రంగులో వస్తే ఇంకా ఆలస్యం చేయకూడదు.

ఇలాంటి ప్రమాదానికి ముందుజాగ్రత్తగా, 18 నుంచి 70 ఏళ్ల మధ్య వయసుండి బ్యాంకు ఖాతా ఉన్న ప్రతి మేస్త్రీ, హెల్పరు ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టుకోవచ్చు. ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షలు, పాక్షికంగా శాశ్వత వైకల్యం వస్తే లక్ష. బీమా ఏడాది జూన్ 1న మొదలవుతుంది కాబట్టి, మే నెలాఖరుకు ఖాతాలో ఆ డబ్బు ఉందో లేదో షెడ్డు యజమానే అందరినీ అడిగి చూసుకోవాలి.